ఒకరు రింగులంటున్నారు, ఇంకొకరు హెడ్ ప్యాకింగ్ అంటున్నారు: ఇంజన్ విప్పించే ముందు పీసీవీ వాల్వు చూడాలా?

రాయగడ మాస్టారు:

నమస్కారం. మాది రాయగడ. నా దగ్గర ఉన్నది 2015లో కొన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. ఇప్పటికి 84,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఇంటి నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు వెళ్లి రావడమే దాని పని. నెలకొకసారి మాత్రం లక్ష్మీపూర్ మీదుగా ఘాటీ ఎక్కి కోరాపుట్‌లో ఉన్న మా అక్కయ్యగారింటికి వెళ్లి వస్తాము.

వానలు తగ్గేదాకా ఏ ఇబ్బందీ లేదు. దసరా దాటినప్పటి నుంచి ఒకదాని వెంట ఒకటిగా కొన్ని లక్షణాలు బయటపడుతున్నాయి. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవరు అంచు వెంబడి ఆయిల్ చెమట పట్టినట్టు ఊరి, దానికి దుమ్ము అంటుకొని మడ్డిలా పేరుకుంటోంది. ఎయిర్ ఫిల్టరు దులుపుదామని డబ్బా తెరిస్తే, ఇంజన్ నుంచి వచ్చే సన్న గొట్టం కలిసే మూలన ఫిల్టరు కాగితం ఆయిల్‌తో తడిసి ఉంది. ఘాటీ ఎక్కి వచ్చిన మర్నాడు చూస్తే ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తన గొట్టంలోంచి అర అంగుళం పైకి లేచి ఉంది. నేనే సరిగా నొక్కలేదేమో అనుకున్నాను కాని, తరువాతి ప్రయాణంలోనూ అలాగే జరిగింది. ఆయిల్ 2,000 కిలోమీటర్లకు ముప్పావు లీటరు చొప్పున తగ్గుతోంది. వీటన్నిటికీ తోడు, గత వారం ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలి వైపున కవ్వానికి అంటుకున్న వెన్నలాంటి లేత పసుపు జిగురు కనిపించింది.

ఒక మెకానిక్ ఇంజన్ స్టార్టు చేయించి, ఆయిల్ మూత తీసి, పైకి వచ్చే పొగను చూపించి, రింగులు అరిగిపోయాయి, ఇంజన్ దించాలి, ముప్పై అయిదు వేలు సిద్ధం చేసుకోండి అన్నారు. రెండో ఆయన ఆ పసుపు జిగురు చూసి, హెడ్ ప్యాకింగ్ (సిలిండర్లకు, పైనున్న హెడ్డుకు మధ్య ఉండేది) పోయి నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి అన్నారు. మా బడిలోని ఒక సహోద్యోగి మాత్రం, పీసీవీ వాల్వు అని, ఇంజన్ లోపలి గ్యాసును బయటికి పంపే చిన్న వస్తువు ఒకటి ఉంటుంది, ముందు అది చూపించండి అని చెప్పారు. బొటనవేలంత వస్తువు ఇన్ని లక్షణాలకు కారణం కాగలదా? కాగలిగితే దానిని ఇంటి దగ్గర పరీక్షించుకోవడం ఎలాగో తెలిసినవారు చెప్పగలరు.

పర్లాకిమిడి పానా:

మాస్టారూ, కాగలదు. నేను ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడిపి ఈ మధ్యనే చాలించుకున్నవాణ్ణి. ఈ వాల్వు సంగతి చూడకుండానే హెడ్డు దించేసిన బళ్లు నా చేతి కిందకు కొన్ని వచ్చాయి. అయితే మీ ఇంజన్ బాగుందని కూడా నేను ఇక్కడ కూర్చొని చెప్పలేను. ఏది పాడైందో వరుసలో తేల్చుకోవాలి.

ముందుగా అది చేసే పని. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, సిలిండరులో పేలుడు జరిగిన ప్రతిసారీ కొంత గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి, అంటే ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి జారుతుంది. అందులో మండని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి. దానిని బయటికి పంపకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను, ప్యాకింగులను తోసుకొని బయటపడుతుంది. వెనకటి బళ్లలో ఒక గొట్టం పెట్టి ఆ గ్యాసును నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. గాలి పాడవుతోందని 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలోనూ, 1963 నుంచి అమెరికా అంతటా దానిని మళ్లీ ఇంజన్‌లోకే పంపి కాల్చే పద్ధతి వచ్చింది. సిలిండర్లకు గాలిని చేర్చే ఇన్‌టేక్ మ్యానిఫోల్డులో ఉండే గుంజుడు ఆ గ్యాసును పీసీవీ వాల్వు ద్వారా లాక్కుంటుంది. దాని స్థానంలోకి ఎయిర్ ఫిల్టరు వైపున్న రెండో గొట్టం నుంచి శుభ్రమైన గాలి లోపలికి వస్తుంది.

వాల్వు లోపల ఉండేది ఒక చిన్న మేకులాంటి ముక్క, ఒక స్ప్రింగు, అంతే. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు మ్యానిఫోల్డు గుంజుడు ఎక్కువ కాబట్టి ఆ ముక్క స్ప్రింగును నొక్కుకొని వెళ్లి దారిని ఇరుకు చేస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు గుంజుడు తగ్గి స్ప్రింగు దానిని వెనక్కి తోస్తుంది, దారి వెడల్పవుతుంది. ఎక్కువ గ్యాసు పుట్టేదీ అప్పుడే. ఎదురు పేలుడు వచ్చినా, ఇంజన్ ఆగినా ముక్క వెనక్కి వచ్చి దారిని మూసేస్తుంది.

ఇప్పుడు మీ బండి సంగతి. ఈ దారి మడ్డితో పూడుకుపోయిందనుకోండి. గ్యాసు ఎక్కడికి పోతుంది? గాలి లోపలికి రావలసిన రెండో గొట్టంలోంచే ఎదురు తిరిగి, ఆయిల్ తుంపరలను వెంటబెట్టుకొని ఫిల్టరు డబ్బాలోకి వస్తుంది. ఫిల్టరు మూల తడవడానికి అది కారణం కావచ్చు. ఘాటీలో ఇంజన్ మీద బరువు పడి గ్యాసు మరింతగా పుట్టినప్పుడు ఆ గొట్టం కూడా చాలదు, డిప్‌స్టిక్ లేస్తుంది, టాపెట్ కవరు చెమర్చుతుంది. మీరు చెప్పినవి ఇందులో ఇమిడిపోతున్నాయి. కాని రింగులు నిజంగా పోయినా ఇవే లక్షణాలు వస్తాయి. ఎందుకంటే మంచి వాల్వు కూడా లాగలేనంత గ్యాసు అప్పుడు కిందికి దిగుతుంది. ఆయిల్ మూత తీస్తే వచ్చే పొగను చూసి రింగుల సంగతి తీర్పు చెప్పడం సరికాదు. వేడి ఇంజన్‌లో ఎంతో కొంత ఆవిరి ఎప్పుడూ ఉంటుంది.

ఇంటి దగ్గర ఇలా చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్‌ను పది నిమిషాలు తిరగనివ్వండి. తరువాత ఆయిల్ మూత తీసి, ఆ నోటి మీద ఒక పల్చని పాలిథిన్ సంచిని వేళ్లతో బిగించి పట్టుకోండి. ఆరోగ్యంగా ఉంటే సంచి మెల్లగా లోపలికి అతుక్కుంటుంది. ఉబ్బితే లోపల ఒత్తిడి ఉన్నట్టు. అది తెలిశాక వాల్వును అది కూర్చునే రబ్బరు వలయం, అంటే గ్రొమెట్ నుంచి లాగి, గొట్టానికి అలాగే ఉంచి, ఇంజన్ తిరుగుతుండగా దాని మూతి మీద వేలు పెట్టండి. బుస్సుమనే చప్పుడుతో వేలిని పట్టుకోవాలి. పట్టుకోకపోతే వాల్వును గొట్టం నుంచి విడదీసి, ఈసారి గొట్టం మూతికే వేలు పెట్టండి. అక్కడ బలంగా గుంజితే పోయింది వాల్వు. అక్కడా గుంజకపోతే గొట్టం గాని, మ్యానిఫోల్డు దగ్గరి రంధ్రం గాని పూడుకుంది. బెల్టు, ఫ్యాను తిరుగుతూ ఉంటాయి కాబట్టి పొడవు చేతుల చొక్కా మడిచి, మెడలో తువ్వాలు లేకుండా ఈ పని చేయాలి.

కొత్త వాల్వు వేశాక కూడా సంచి ఉబ్బుతూనే ఉంటే, అప్పుడు మాత్రమే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టించండి. నాలుగు సిలిండర్లలోనూ ఒకదానికొకటి పది శాతానికి మించిన తేడా లేకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఏదైనా ఒకటి బాగా తగ్గితే, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టించండి: ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే హెడ్డులోని వాల్వులు గాని, హెడ్ ప్యాకింగ్ గాని.

బరంపురం నుంచి:

పై వివరణ బాగుంది. రెండు చోట్ల మాత్రం కొంత చేర్చవలసి ఉంది.

మొదటిది, వాల్వును చేతిలో పట్టుకొని ఊపితే గలగలమంటే బాగున్నట్టే అనే నమ్మకం మన వైపు షెడ్లలో బలంగా ఉంది. ఊపినప్పుడు చప్పుడు రాకపోతే అది ఇరుక్కుపోయిందని చెప్పవచ్చు. చప్పుడు వచ్చినంత మాత్రాన బాగుందని చెప్పలేము. స్ప్రింగు బలహీనపడినా ముక్క గలగలలాడుతూనే ఉంటుంది. ఒక్కోసారి వాల్వు సరిగా ఇరుకు కాకుండా తెరుచుకునే ఉండిపోయి, కొలతకు మించిన గాలి మ్యానిఫోల్డులోకి చేరుతుంది. స్లోలో ఇంజన్ వణుకుతుంది లేదా ఆర్‌పీఎం పెరిగి నిలుస్తుంది. స్కానరు పెడితే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని సూచించే పీ0171 కోడు కనిపించవచ్చు. ఆ స్థితిలో ఆయిల్‌ను కూడా లాక్కుని కాల్చేస్తుంది. మాస్టారి బండిలో ఇది ఉన్నట్టు లేదు, పూడుకుపోయిన లక్షణాలే ఉన్నాయి. కాని ఈ చర్చను రేపు ఇంకొకరు చదువుతారు కదా అని రాస్తున్నాను.

రెండోది, పెట్రోలులో కడిగి మళ్లీ వేయడం. నేనూ ఒకసారి ఆ పని చేశాను. ఆరు నెలలు గడవకుండానే మళ్లీ అదే కథ. ఖరీదు కొన్ని వందల రూపాయలకు మించని వస్తువును కడిగి దాచుకోవడంలో అర్థం లేదు. అయితే బజారులో ఒకే రూపంలో ఉండే వాల్వులు చాలా దొరుకుతాయి. గ్రొమెట్‌లో పట్టింది కదా అని వేస్తే, లోపలి స్ప్రింగు వేరే ఇంజన్ కోసం కొలిచినదై ఉంటుంది. పాత వాల్వు మీద అచ్చయిన నంబరు చూసి, లేదా ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకోవాలి. కొన్ని కొత్త ఇంజన్లలో వాల్వు విడిగా ఉండదు, టాపెట్ కవరులోనే పల్చని రబ్బరు పొరగా కలిసి ఉంటుంది. అది చిరిగితే ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది, సాధారణంగా కవరు మొత్తం మార్చవలసి వస్తుంది. మీది 2015 నాటిది కాబట్టి బహుశా విడిగానే ఉంటుంది.

జయపురం ఘాటీ:

హెడ్ ప్యాకింగ్ సంగతి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. మా కొండల మీద చలికాలం వచ్చిందంటే ఈ పసుపు జిగురు గొడవ ఇంటింటా ఉంటుంది.

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత రింగుల పక్కనుంచి క్రాంక్ కేసులోకి దిగుతుంది. దూరప్రయాణంలో ఆయిల్ బాగా కాగి ఆ నీరు ఆవిరై పీసీవీ దారిన వెళ్లిపోతుంది. రోజుకు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండిలో ఆయిల్ కాగే లోపే ప్రయాణం అయిపోతుంది. పైభాగాన ఉండే ఆయిల్ మూత అన్నిటికంటే చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడ చేరి, ఆయిల్‌తో చిలుకుకొని, మీరన్న వెన్నలా తయారవుతుంది. గాలి ఆడే దారి పూడుకుంటే ఇది రెండింతలవుతుంది.

హెడ్ ప్యాకింగ్ పోయిందో లేదో తేల్చడానికి మూత చాలదు. డిప్‌స్టిక్ తీసి చూడండి: అక్కడ ఆయిల్ గోధుమ రంగులోనో నలుపులోనో తేటగా ఉండి, మూత కింద మాత్రమే జిగురు ఉంటే అది తేమ. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే అనుమానించాలి. చల్లని ఇంజన్‌లో కూలెంటు మట్టానికి గీత పెట్టి పదిహేను రోజులు గమనించండి. అది తగ్గకుండా, సైలెన్సరు నుంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకుండా రావడం లేకుండా ఉంటే హెడ్డు జోలికి పోనక్కరలేదు.

ఇంకొక్క మాట. ఎవరైనా మ్యానిఫోల్డు గుంజుడును పాదరసపు అంగుళాలలో కొలిచే వ్యాక్యూమ్ గేజి పెట్టి చూస్తే, సముద్రమట్టం దగ్గర మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 22 అంగుళాల దాకా చూపిస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల (సుమారు 2,850 అడుగుల) ఎత్తున ఉంది. అంటే విశాఖలో 18 చూపించిన అదే బండి ఇక్కడ 15 చూపించడంలో తప్పేమీ లేదు. సుంకి ఘాటీ ఎక్కి వచ్చిన మా బంధువు ఒకరికి ఇక్కడి షెడ్డులో ఆ అంకె చూపించి, ఇంజన్ అయిపోయిందని చెప్పి పంపారు. అదృష్టవశాత్తూ ఆయన సాలూరు దిగి మళ్లీ చూపించుకున్నారు.

రాయగడ మాస్టారు (తొమ్మిది రోజుల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయం మా అబ్బాయిని పక్కన పెట్టుకొని మీరు చెప్పిన వరుసలోనే చేశాను.

అరటిపండ్లు తెచ్చిన పల్చని సంచిని ఆయిల్ మూత స్థానంలో పట్టుకోగానే పూరీలా ఉబ్బింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా, తేటగానే ఉంది. కూలెంటు గీత దగ్గరే ఉంది. అక్కడితో హెడ్ ప్యాకింగ్ భయం సగం తీరింది.

వాల్వు టాపెట్ కవరు మీద, ఇన్‌టేక్ వైపున దొరికింది. గొట్టానికున్న స్ప్రింగు క్లిప్పును నోస్ ప్లయరుతో వెనక్కి జరిపి, వాల్వును కొద్దిగా తిప్పుతూ లాగాను. అది రాలేదు, రబ్బరు గ్రొమెట్ మాత్రం ఎండిన పెంకులా చిట్లి రెండు ముక్కలైంది, ఒక ముక్క కవరు లోపలికి జారబోయి అంచు మీద ఆగింది. ఊపిరి బిగబట్టి పట్టకారుతో తీశాను. ఈ పని చేయబోయేవారు ఎవరైనా ఉంటే, గ్రొమెట్ చుట్టూ ముందుగా తుడిచి, వాల్వు కదలగానే రంధ్రంలో ఒక గుడ్డ కుక్కుకోవాలని నా అనుభవంతో చెబుతున్నాను. ఆ ముక్క లోపల పడి ఉంటే కవరు విప్పక తప్పేది కాదు.

వాల్వును చెవి దగ్గర పెట్టుకొని ఊపితే చప్పుడే లేదు. మూతిలోకి చూస్తే ముదురు తాటిబెల్లం పాకం గడ్డకట్టినట్టుగా నల్లని పదార్థం. అగ్గిపుల్లతో పొడిచినా లోపలి ముక్క కదలలేదు. ఇంజన్ స్టార్టు చేసి గొట్టం మూతికి వేలు పెట్టమంటే మా అబ్బాయి పెట్టాడు. గుంజింది కాని, అంత బలంగా లేదు. ఇక్కడ నాకు అర్థం కాక గొట్టాన్ని తడిమి చూశాను. మధ్యలో మెత్తగా ఉంది, గుంజినప్పుడల్లా ఆ భాగం చపాతీలా అణిగిపోతోంది. రెండేళ్ల క్రితం ఎవరో మెకానిక్ అసలు గొట్టాన్ని తీసేసి మామూలు నీళ్ల గొట్టం ముక్క వేశాడన్నమాట. ఆయిల్ తగిలి అది ఉబ్బి మెత్తబడింది. వాల్వు ఒక్కటే మార్చి ఊరుకుంటే ఈ గొట్టం వల్ల మళ్లీ మొదటికి వచ్చేది.

విజయనగరంలో ఉన్న మా బావమరిది చేత ఛాసిస్ నంబరు చెప్పించి వాల్వు, గ్రొమెట్, అసలు గొట్టం, మూడూ తెప్పించాను. మొత్తం వెయ్యి రూపాయల లోపే అయింది. కొత్త గ్రొమెట్‌కు కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి ముందు దానిని కూర్చోబెట్టి, తరువాత వాల్వును నొక్కాను. ఇంజన్ స్టార్టు చేసి మళ్లీ అదే సంచి పట్టుకుంటే, ఈసారి మెల్లగా లోపలికి అతుక్కుపోయింది. అబ్బాయి దానిని మూడుసార్లు తీసి మళ్లీ పెట్టి చూశాడు.

సంచి లోపలికే లాగినందున కంప్రెషన్ అక్కరలేదేమో అనిపించినా, ముప్పై అయిదు వేల మాట మనసులోంచి పోక బుధవారం ఇంకొక షెడ్డులో గేజి పెట్టించాను. నాలుగు సిలిండర్లలోనూ 165 నుంచి 172 పీఎస్‌ఐ మధ్యలో వచ్చింది. రింగులు పోయాయన్నాయనకు ఆ కాగితం చూపిద్దామనుకొని, మళ్లీ ఎందుకులే అని ఊరుకున్నాను.

ఒక్కటి మిగిలింది. టాపెట్ కవరు వెనక మూల ఇంకా కొద్దిగా చెమరుస్తూనే ఉంది. దీనిని బోల్టులు గట్టిగా బిగించి ఆపవచ్చునా?

పార్వతీపురం డీజిల్:

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. నాది టర్బో డీజిల్ బండి. నా బండిలోనూ ఈ వాల్వు వెతుక్కోవాలా?

పర్లాకిమిడి పానా:

డీజిల్ వారికి ముందు: మీ ఇంజన్ మ్యానిఫోల్డులో పెట్రోలు ఇంజన్‌కు ఉన్నంత గుంజుడు ఉండదు కాబట్టి అమరిక వేరు. క్రాంక్ కేసు గ్యాసు ఒక ఆయిల్ సెపరేటరు గుండా వచ్చి టర్బోకు ముందున్న గాలి గొట్టంలో కలుస్తుంది. ఆ గొట్టంలో పల్చగా ఆయిల్ పొర ఉండటం సహజమే; కారుతుంటే సెపరేటరు చూపించండి. సంచి పరీక్షను పెట్రోలు బండిలో చదివినట్టు మీ బండిలో చదవకూడదు.

మాస్టారూ, బోల్టులు బిగించకండి. అన్నాళ్లు లోపలి ఒత్తిడికి, వేడికి ఆ రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి ఉంటుంది. బిగించినకొద్దీ కవరు వంగి ఇంకో మూల కారుతుంది. కొత్త ప్యాకింగ్ వేయించండి. బోల్టులను నడిమి నుంచి అంచులకు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, రెండు విడతలలో బిగించాలి. అవి చిన్న బోల్టులు, సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లకు మించి అడగవు, మీ బండి పుస్తకంలో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి. కవరు ఎలాగూ విప్పుతారు కాబట్టి దాని లోపలివైపు, గ్యాసు వాల్వుకు చేరే ముందు తగిలే రేకు పలక వెనక ఎంత మడ్డి ఉందో చూసి కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాక వేయమనండి. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ కూడా ఆయిల్ పట్టి ఉంటుంది, అదే రోజు తుడిపించండి. ఇంజన్ ఆయిల్ గడువు దాకా ఆగకుండా ఇప్పుడే మార్చేయండి; ఆ తరువాతి మార్పు కూడా 5,000 దగ్గరే చేయించండి, మిగిలిన జిగురు దానితో పాటు కొంత దిగుతుంది.

రాయగడ మాస్టారు (అయిదు వారాల తరువాత):

ప్యాకింగ్, ఆయిల్ రెండూ మార్పించాను. కవరు లోపలి రేకు వెనక మడ్డి గరిటెతో గీకవలసినంత ఉంది. సంక్రాంతికి కోరాపుట్ వెళ్లి వచ్చాము; డిప్‌స్టిక్ కదలలేదు, ఫిల్టరు డబ్బా పొడిగా ఉంది. ఆయిల్ మట్టం 1,100 కిలోమీటర్ల తరువాత పై గీతకు వెంట్రుకవాసి కింద ఉంది. మూత కింద జిగురు మాత్రం పల్చగా మళ్లీ కనిపించింది. బడికి సైకిలు మీద వెళ్లి, కారును శనివారం గుణుపురం దాకా తిప్పి తీసుకురమ్మని మా ఆవిడ సలహా. ఈ వారం నుంచి మొదలుపెట్టాను.